తాళం తెగిన గదిలో లంకెబిందెలు ఉంటాయా?

సామాను దాచుకునే స్టోరేజ్ గదులకు అద్దె బాకీపడితే లోపలిదంతా గంపగుత్తగా వేలం వేయడం అమెరికాలో రోజూ జరిగే వ్యాపారం. పాట పది నిమిషాల్లో ముగుస్తుంది. మోయడానికి మూడు రోజులు, అమ్ముకోవడానికి నెలలు పడతాయి. టీవీలో చూసి ముచ్చటపడి దిగేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులివి.

1989లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో ఓ కాంట్రాక్టర్ అద్దె కట్టని స్టోరేజ్ గది సామానును 100 డాలర్లకు పాడుకున్నాడు. లోపల దుప్పట్ల కింద ఒక కారు బయటపడింది. దాన్ని ట్రక్కుకు తగిలించుకుని ఇంటికి తీసుకెళ్తుంటే దారిలో లారీ డ్రైవర్లు గుర్తుపట్టి చెప్పేదాకా అదేమిటో ఆయనకు తెలియదు. 1977 నాటి జేమ్స్‌బాండ్ సినిమా ‘ది స్పై హూ లవ్డ్ మీ’లో సముద్రంలోకి దూకి జలాంతర్గామిగా మారిపోయే తెల్ల లోటస్ కారు అది. 2013లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు ఇలాన్ మస్క్ దాన్ని 5.5 లక్షల పౌండ్లకు కొనుక్కున్నారు.

2007లో షికాగోలో వివియన్ మేయర్ అనే పెద్దావిడ స్టోరేజ్ అద్దె కట్టలేకపోయారు. జీవితమంతా ఇతరుల ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన మనిషి. ఆమె పెట్టెలన్నీ వేలానికి వెళ్ళాయి. పాత షికాగో ఫొటోల కోసం వెతుకుతున్న జాన్ మలూఫ్ అనే యువకుడు దాదాపు 400 డాలర్లకు ఒక పెట్టెడు నెగెటివ్‌లు కొన్నాడు. ఇవాళ వీధి ఫొటోగ్రఫీలో మహామహుల సరసన ఆమె పేరు చెబుతున్నారంటే ఆ పెట్టెతోనే మొదలు. 2011లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఒక స్టోరేజ్ లాకర్ నుంచి 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక దొరికింది. సూపర్‌మ్యాన్ లోకానికి తొలిసారి కనిపించింది అందులోనే. ఆ ఏడాది చివర్లోనే అది 21.6 లక్షల డాలర్లు పలికింది.

స్టోరేజ్ వేలాల మాట ఎత్తితే తిప్పితిప్పి ఈ కథలే చెబుతారు. వాటి ఏళ్ళు చూడండి: 1989, 2007, 2011. అమెరికాలో ఇలాంటి స్టోరేజ్ సముదాయాలు 50 వేలకు పైనే ఉన్నాయి. ఎక్కడో ఒకచోట వేలం జరగని రోజుండదు. దశాబ్దాలుగా రోజూ తాళాలు తెగుతూనే ఉన్నా చెప్పుకోవడానికి వేళ్ళ మీద లెక్కపెట్టే కథలే మిగిలాయంటే, మిగతా గదుల్లో ఏముండి ఉంటుంది? మరకలు పడ్డ పరుపు, కాలు విరిగిన డైనింగ్ టేబుల్, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కుక్కిన బట్టలు, ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు, ఎవరో మొదలుపెట్టి వదిలేసిన వ్యాయామ యంత్రం. ఈ వ్యాపారంలో నిలదొక్కుకున్నవాళ్ళంతా బతుకుతున్నది ఈ రెండోరకం గదుల మీదే.

వేలందాకా ఎలా వస్తుంది

1972లో క్యాలిఫోర్నియాలోని ఎల్ కహోన్‌లో పబ్లిక్ స్టోరేజ్ కంపెనీ మొదలైంది. హైవేల పక్కన నారింజరంగు షట్టర్ల వరసలు కనిపిస్తే అవి చాలామటుకు వాళ్ళవే. ఎక్స్‌ట్రా స్పేస్, క్యూబ్‌స్మార్ట్, యూహాల్ లాంటి పెద్ద కంపెనీలు మరికొన్ని ఉన్నాయి. వీటితోపాటు ఒక్కో ఊళ్ళో ఒక్కో కుటుంబం నడుపుకునే చిన్న సముదాయాలు వేలల్లో ఉంటాయి. గది కొలతలు అడుగుల్లో: 5x5 అంటే గోడ బీరువాకు కాస్త పెద్దది, 10x10 అంటే మన చిన్న పడకగది, 10x20 అయితే కారు పట్టేస్తుంది. నెలనెలా అద్దె. తాళం అద్దెదారుదే, లోపల ఏం పెట్టుకున్నాడో కంపెనీకి తెలియదు.

ఎవరు తీసుకుంటారీ గదులు? ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ సామాను ఏం చేయాలో తేల్చుకోలేని పిల్లలు. విడాకులు తీసుకుని చిన్న అపార్ట్‌మెంట్‌కు మారినవాళ్ళు. ఉద్యోగం వేరే రాష్ట్రంలో వచ్చినవాళ్ళు. ఇల్లు బ్యాంకు పాలైనవాళ్ళు. రెండు నెలలకని తీసుకున్న గది రెండేళ్ళు గడిచినా ఖాళీ కాదు. ఏదో ఒక నెల కార్డు పనిచేయదు, లేదా ఉద్యోగం పోతుంది, లేదా మనిషే పోతాడు.

అక్కడి నుంచి చట్టం నడుస్తుంది. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ స్టోరేజ్ యజమానికి సామాను మీద ‘లీన్’ అనే హక్కు ఉంటుంది. బాకీ రాబట్టుకోవడానికి ఆ సామానును అమ్ముకోవచ్చు, కానీ పద్ధతి ప్రకారం. ముందు గేటు కోడ్ ఆపేస్తారు, అద్దెదారు తాళం మీద తమ తాళం వేస్తారు. ఉత్తరం పంపుతారు. క్యాలిఫోర్నియాలో అద్దె 14 రోజులు ఆలస్యమైతే తొలి నోటీసు ఇచ్చే వీలుంది. ఆ తర్వాత వేలం తేదీతో మరో నోటీసు, పత్రికలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ప్రకటన. రాష్ట్రాన్ని బట్టి, యజమాని ఓపికను బట్టి ఈ తతంగానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. పాట మొదలయ్యే నిమిషం వరకూ అద్దెదారు వచ్చి బాకీ కట్టేస్తే వేలం రద్దు. అందుకే ఉదయం పది గదులని ప్రకటించినచోట మధ్యాహ్నానికి మూడు మిగలడం మామూలే. యాభై మైళ్ళు కారు నడుపుకొచ్చాక ఈ కబురు వినాల్సిరావడం కొత్తవాళ్ళకు మొదటి పాఠం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేలంలో బాకీకి మించి డబ్బొస్తే ఎక్కువ రాష్ట్రాల్లో ఆ మిగులు అద్దెదారుకు చెందుతుంది. ఆయన రాకపోతే కొంతకాలానికి ప్రభుత్వ ఖాతాకు పోతుంది. కాబట్టి స్టోరేజ్ కంపెనీ వేలంతో లాభం చేసుకుంటుందనుకోవడం పొరపాటు. దానికి కావాల్సింది ఒక్కటే, గది ఖాళీ కావడం. కొత్త అద్దెదారుకు ఇస్తే ఆదాయం మళ్ళీ మొదలవుతుంది. పాడుకున్నవాడు నిజానికి కంపెనీ కోసం గది ఊడ్చిపెడుతున్నాడు, అదీ తన డబ్బు కట్టి. ఈ సంగతి గుర్తుంచుకుంటే పాటలో చెయ్యి కాస్త నెమ్మదిగా లేస్తుంది.

టీవీ పెట్టిన చిచ్చు

2010 డిసెంబర్‌లో ఏ అండ్ ఇ ఛానెల్‌లో ‘స్టోరేజ్ వార్స్’ మొదలైంది. అంతకుముందు ఈ వేలాలకు వచ్చేవాళ్ళు ఒకరికొకరు తెలిసిన పాత సామాన్ల వర్తకులే. షట్టర్ లేచేటప్పటి ఉత్కంఠ, అందులో పాటదారుగా కనిపించే డేవ్ హెస్టర్ గొంతెత్తి వేసే పాట, చివర్లో తెర మీద లాభం అంకె. ఇది చూసిన జనం వేలాల మీద పడ్డారు. సామానులో తేడా ఏమీ లేదు గానీ పాట ఎక్కడం మొదలైంది. 2012లో అదే హెస్టర్ నిర్మాతల మీద కోర్టుకెక్కారు. విలువైన వస్తువుల్ని గదుల్లో ముందే పెట్టి చిత్రీకరిస్తున్నారన్నది ఆయన ఆరోపణ. ఛానెల్ ఒప్పుకోలేదు. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ కార్యక్రమం చూపించని సంగతొకటి ఎవరికైనా కనిపిస్తుంది: తెర మీద ఏ వస్తువుకైనా విలువ కడతారు, అది అమ్ముడుపోయేదాకా ఎవరూ ఆగరు. సోఫా మీద 200 డాలర్లని అంకె పడుతుంది. దాన్ని ఎవరు కొన్నారు, ఎన్ని వారాలకు కొన్నారు, మేడ మీదికి ఎవరు మోశారు అన్నది కెమెరాకు పట్టదు.

ఇప్పుడు చాలా వేలాలు ఆన్‌లైన్‌కు మారిపోయాయి. కోవిడ్ ఆ మార్పుకు ఊపునిచ్చింది. స్టోరేజ్ ట్రెజర్స్, లాకర్‌ఫాక్స్, బిడ్13 లాంటి వెబ్‌సైట్లలో గది ఫొటోలు పెడతారు, కొన్ని రోజులపాటు పాట నడుస్తుంది. ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు దానంతటదే కాస్త జరుగుతుంది. అంటే చివరి క్షణంలో కొట్టేద్దామన్న ఎత్తు పారదు. గెలిచినవాడి నుంచి వెబ్‌సైట్ తన రుసుము వసూలు చేస్తుంది. అది పాట మీద పది, పదిహేను శాతం దాకా ఉండొచ్చు. నేరుగా జరిగే వేలాలు చిన్న ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. అక్కడ అందరి ముందూ తాళం కోస్తారు. గడప దాటి లోపలికి అడుగు పెట్టకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, పెట్టె తెరవకూడదు. గుమ్మం దగ్గర నిలబడి టార్చిలైటు వేసి చూసుకోవడమే.

దుమ్ము చెప్పే సాక్ష్యం

అనుభవజ్ఞుడికీ కొత్తవాడికీ తేడా తెలిసేది ఇక్కడే. కొత్తవాడు సామాను చూస్తాడు. అనుభవజ్ఞుడు ఆ సామాను సర్దిన మనిషిని చూస్తాడు.

ఒకే కొలత అట్టపెట్టెలు, నీటుగా అంటించిన టేపు, ప్రతిదాని మీదా మార్కర్‌తో ‘వంటిల్లు’, ‘అమ్మ గది’, ‘పుస్తకాలు’ అని రాత, దుప్పట్లలో చుట్టిన బీరువాలు. ఇది డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి ఇల్లు ఖాళీ చేసిన కుటుంబం. ఆ సామానంటే వాళ్ళకు విలువుంది, మళ్ళీ వాడుకోవాలనే ఆశా ఉంది. అదే, కిరాణా కొట్టు నుంచి తెచ్చిన రకరకాల పెట్టెలు, మూతి కట్టని చెత్త సంచులు, మీద విసిరేసిన కుర్చీలు కనిపిస్తే, ఒక్క రాత్రిలో ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చిన మనిషి. అలాంటి గదిలో మంచివస్తువు ఉండకూడదని కాదు గానీ, దాన్ని వెతకడానికి పట్టే సమయం వేరు.

దుమ్ము గురించి చెప్పుకోవాలి. గదంతా ఒకేలా పట్టిన దుమ్ము శుభసూచన, ఎవరూ వచ్చి కదపలేదన్నమాట. నేల మీద ఈడ్చిన గీతలు, మధ్యలో ఖాళీ దారి, గోడ పక్కన దుమ్ములేని చతురస్రం కనిపిస్తే అద్దెదారు ఆఖరిసారి వచ్చి టీవీనో పనిముట్ల పెట్టెనో పట్టుకెళ్ళాడు. మిగిలినదంతా అతను వద్దని వదిలేసిపోయిందన్నమాట. పెట్టెలు గుమ్మానికి దగ్గరగా గోడలా పేర్చి, వెనక ఏముందో కనిపించకుండా ఉంటే కొత్తవాళ్ళ గుండె కొట్టుకుంటుంది. వెనక నిధి ఉందని ఊహ. వెనక ఖాళీ కూడా ఉండొచ్చు. ఫొటోలో ముందువరస మాత్రమే కనిపించే గదికి నేనైతే ముందువరస ధరే కడతాను.

తేమ, వేడి తగలకుండా ఏసీ ఉన్న గదికి అద్దె ఎక్కువ. అది కట్టి దాచుకున్నాడంటే కాపాడుకోవాల్సిందేదో ఉందని ఒక సూచన. ఖరీదైన గుండ్రటి తాళం వేసినా అంతే. ఇవి సూచనలే. మనుషులు పాత పరుపులకు కూడా ఖరీదైన తాళాలు వేస్తారు.

కంటికి నిండుగా కనిపించి చేతిచమురు వదిలించే వస్తువులు కొన్నున్నాయి. మెత్తల సోఫాలు, పరుపులు, చెక్కపొట్టు అట్టతో చేసిన బీరువాలు, పెద్ద గాజు అలమరాలు, పాత డబ్బా టీవీలు, పియానోలు. గదిని నింపేవి ఇవే, డబ్బు తెచ్చేవి మాత్రం చేతిలో పట్టేవి: పనిముట్లు, వడ్రంగం మిషన్లు, చేపలుపట్టే సరంజామా, వాయిద్యాలు, పాత వీడియోగేములు, కెమెరాలు, మంచి బ్రాండ్ బూట్లు, ఇంకా సీలు తీయని వస్తువులు. పెద్ద పియానో ఉన్న గదిని 50 డాలర్లకు కొట్టేశామని సంబరపడి, దాన్ని పారేయించడానికి అంతకు మూడింతలు ఇచ్చుకునే పరిస్థితి రావచ్చు.

కాబట్టి పద్ధతి ఇది. ఫొటోలో స్పష్టంగా కనిపించే వస్తువుల్ని మాత్రమే కాగితం మీద రాసుకోవాలి. ఒక్కోదాని ధర ఈబేలో చూడాలి, అయితే అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర కాదు, ఇప్పటికే అమ్ముడైన ధర. అది చూపించే ఫిల్టర్ అక్కడే ఉంటుంది. మూసిన పెట్టెలకు సున్నా. వచ్చిన మొత్తంలో మూడోవంతు దాటి పాడకూడదు. ఈ మూడోవంతు నా లెక్క. నాలుగోవంతే అనేవాళ్ళతోనూ నేను గొడవపడను. 

కాగితం మీద ఒక గది

ఉదాహరణకు ఒక 10x10 గది తీసుకుందాం. పాట 300 డాలర్లకు ఆగింది. వెబ్‌సైట్ రుసుము పదిహేను శాతం, 45. రెండు రోజులకు ట్రక్కు అద్దె, మైళ్ళ లెక్క, పెట్రోలు కలిపి 110. యూహాల్ ట్రక్కు మీద రాసి ఉండే 19.95 చూసి మోసపోకండి, ఆపైన మైలుకింతని ఉంటుంది. చెత్త డిపోలో పరుపులు, విరిగిన చెక్క దింపడానికి 70. మొత్తం 525. గది శుభ్రం చేసి అప్పగిస్తామని కట్టే 100 డాలర్ల డిపాజిట్ వెనక్కి వస్తుంది కనుక దాన్ని కలపలేదు.

సామానంతా అమ్మితే 800 వచ్చిందనుకుందాం. అందులో సగం ఈబేలో అమ్మితే పదమూడు శాతం చొప్పున 52 డాలర్లు దానికి పోతాయి. చేతికి మిగిలేది 223. ఖాళీ చేయడం, తేరిపార చూడడం, తుడవడం, ఫొటోలు తీయడం, పెట్టడం, కొనేవాళ్ళ కోసం ఎదురుచూడడం, పార్శిల్ కట్టడం, అన్నీ కలిపి 30 గంటలు పట్టిందంటే గంటకు 7 డాలర్ల 43 సెంట్లు. అమెరికాలో 2009 నుంచి మారని ఫెడరల్ కనీసవేతనం 7.25. పాట ధరకు రెట్టింపు కంటే ఎక్కువకే అమ్మాడు, చూసేవాళ్ళకు పెద్ద లాభం. గంటల లెక్క రాసుకునేవాడికే అసలు సంగతి తెలుస్తుంది. సొంత వ్యాను, ఖాళీ గ్యారేజీ, బరువు మోసే తమ్ముడు ఉన్నవాళ్ళ లెక్క మెరుగ్గా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ హోండా సివిక్‌లో తిరిగేవాళ్ళు ఈ వ్యాపారాన్ని టీవీలో చూడడమే మేలు.

దిగాలనే ఉంటే, మొదటి గది ఇంటికి దగ్గర్లో, నేలమట్టంలో, ట్రక్కు షట్టర్ దాకా వెళ్ళేచోట ఉండాలి. కొలత 5x10కి మించకపోతే మంచిది. మూడో అంతస్తులో లిఫ్టుకు దూరంగా ఉన్న గది అగ్గువకు వస్తుంది, ఎందుకు వస్తుందో మొదటి గంటలోనే తెలిసిపోతుంది. పాడకుండా నెలరోజులు ఒకే ప్రాంతపు వేలాల ధరలు గమనిస్తే పాట ఎక్కడ ఆగుతుందో అంచనా చిక్కుతుంది. మళ్ళీ అమ్మడానికే కొంటున్నామని రాష్ట్రం నుంచి రీసేల్ సర్టిఫికెట్ తీసుకుంటే చాలా రాష్ట్రాల్లో కొన్నప్పుడు అమ్మకపు పన్ను పడదు. అమ్మేటప్పుడు వసూలు చేసి కట్టాలి. ఆదాయపు పన్ను సరేసరి.

మూడు రోజుల గడువు

పాట గెలిచాక డబ్బు కట్టి, మన తాళం వేసుకోవాలి. ఖాళీ చేయడానికి 48 నుంచి 72 గంటలు ఇస్తారు. మంచివి ఏరుకుని చెత్త వదిలేసి పోదామంటే కుదరదు. చివరి కాగితం ముక్క దాకా తీసి నేల ఊడ్చి చూపించాలి. సముదాయంలో ఉండే చెత్తడబ్బా మనకు కాదు. అందులో వేస్తే డిపాజిట్ పోతుంది, మళ్ళీ అక్కడ పాడనివ్వరు. గడువు మించితే అద్దె పడుతుంది.

చేతులకు మందపాటి గ్లౌజులు, ముఖానికి మాస్క్, చీపురు, కత్తి, టార్చి, పెద్ద చెత్తసంచులు, నీళ్ళు తీసుకెళ్ళాలి. ఎలుకలు చేసిన గూళ్ళు, బూజు పట్టిన గుడ్డలు, నల్లులు, ఒక్కోసారి వాడేసిన సూదులు ఉంటాయి. సంచిలో చెయ్యి పెట్టి కెలకకూడదు, నేల మీద గుమ్మరించి చూడాలి. పరుపు, సోఫా తిన్నగా ఇంటికి తెచ్చుకుంటే నల్లులు కూడా గృహప్రవేశం చేస్తాయి.

పని క్రమం చాలామంది తలకిందులుగా చేస్తారు. పెద్దవి ముందు ట్రక్కెక్కిస్తారు, చిన్నవి హడావిడిగా సంచుల్లో కూరేస్తారు. నిజానికి డబ్బు, నగ, విలువైన కాగితం దొరికేది కోటు జేబులో, పుస్తకాల మధ్య, కుట్టుమిషను డ్రాయరులో, మందుల డబ్బాలో. పారేసే ప్రతి వస్తువునూ ఒకసారి విప్పి, దులిపి చూడడమే ఈ వ్యాపారంలో ఓపికకు దొరికే జీతం.

తర్వాత పక్కన పెట్టాల్సినవి. పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రాలు, పన్ను కాగితాలు, కుటుంబ ఆల్బమ్‌లు, సైన్యంలో పనిచేసినవాళ్ళ పతకాలు, ఆస్పత్రి రికార్డులు. వీటిని ఆఫీసులో అప్పగించాలని చాలా ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. దహనం చేసిన పెద్దల బూడిద ఉన్న కలశాలు కూడా దొరుకుతుంటాయి. అవీ అంతే. తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా మేనేజర్‌ని పిలవడం మంచిది, పోలీసులు దొంగసొత్తో కాదో చూసుకుంటారు. మందులు, పెయింటు డబ్బాలు, రసాయనాలు మామూలు చెత్తలో వేయకూడదు, కౌంటీ నడిపే ప్రత్యేక కేంద్రాలకు చేర్చాలి. గుడ్‌విల్ లాంటి సేవాసంస్థలు బట్టలు, గిన్నెలు తీసుకుంటాయి గానీ పరుపు చూస్తే వద్దంటాయి.

అమ్మకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్నవి, అరుదైనవి ఈబేలో, బరువైనవి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, మిగిలినవి ఆదివారం సంతలో లేదా ఇంటిముందు గ్యారేజ్ సేల్‌లో. ఇనుము, రాగి తూకానికి. ఒక వస్తువు నెలరోజులు కదలకపోతే ధర సగం చేయాలి. అమ్ముడుపోని సామానుతో గ్యారేజీ నిండి, దాన్ని పెట్టుకోవడానికి ఇంకో స్టోరేజ్ గది అద్దెకు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

పాడుకున్నంత మాత్రాన మనదేనా

మొదట్లో చెప్పిన కామిక్ పుస్తకం కథలో చెప్పని భాగం ఉంది. ఆ ప్రతి నటుడు నికొలస్ కేజ్‌ది. 2000లో ఆయన ఇంట్లో దొంగతనానికి గురైంది. పోయిన పదకొండేళ్ళ తర్వాత అది ఆయనకే చేరింది, లాకర్ సామాను కొన్నవాడికి కాదు. దొంగసొత్తు ఎన్ని వేలాలు దాటినా దొంగసొత్తే. పాటలో మనం కొనేది అద్దెదారుకున్న హక్కును మాత్రమే. ఆయనకే లేని హక్కు మనకు రాదు. కారో మోటార్‌సైకిలో ఉంటే దాని యాజమాన్య పత్రం కోసం వేరే చట్టప్రక్రియ ఉంటుంది. సినిమా కోసం చేసిన ఆ లోటస్ లాంటి కారు సంగతి వేరు.

వివియన్ మేయర్ నెగెటివ్‌లది ఇంకా చిక్కుముడి. నెగెటివ్ కొనుక్కుంటే ఫిల్ము మనదవుతుంది. దాన్నించి ప్రింట్లు తీసి అమ్ముకునే కాపీరైట్ మాత్రం తీసినవాళ్ళది, వాళ్ళ తర్వాత వారసులది. ఆమె 2009లో చనిపోయారు, పెళ్ళి లేదు, పిల్లల్లేరు. 2014లో వారసుడెవరన్న ప్రశ్న షికాగో కోర్టుకెక్కింది, ఆమె ఎస్టేట్ వ్యవహారం కుక్ కౌంటీ అధికారుల చేతుల్లోకి వెళ్ళింది. తన పేరు లోకమంతా మోగడం ఆవిడ చూడలేదు. ఆ ఫొటోలు ఎవరికీ చూపించకుండా పెట్టెల్లోనే ఉంచుకున్న మనిషి, అవి వీధిన పడడాన్ని ఇష్టపడేవారా అన్న ప్రశ్న ఆమె మీద 2013లో వచ్చిన డాక్యుమెంటరీలోనూ వినిపిస్తుంది. మంచి ప్రశ్నే. అయినా ఆ పెట్టె చెత్తడిపోకు చేరి ఉంటే బాగుండేదని నేను అనలేను.

సైన్యంలో విధుల్లో ఉన్నవాళ్ళ సామానును మాత్రం కోర్టు అనుమతి లేకుండా వేలం వేయకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. యుద్ధానికి వెళ్ళినవాడు నోటీసు చూసుకోలేడు కదా.

మనవాళ్ళు అటూ ఇటూ

టెక్సస్‌లో, న్యూజెర్సీలో, ఉత్తర క్యాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్ళు కొందరికి వారాంతపు కాలక్షేపంగా ఈ వేలాల మీద కన్ను పడడం సహజం. వాళ్ళకు ముందుగా చెప్పాల్సింది ధరల గురించి కాదు, వీసా గురించి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీ పని మాత్రమే చేయాలి. ఇంట్లో పాత సోఫా అమ్ముకోవడం వేరు, అమ్మడానికే గదులు కొంటూ పోవడం వేరు. రెండోది వ్యాపారం. దాన్ని అనుమతి లేని పనిగా లెక్కేస్తే 200 డాలర్ల లాభం కోసం గ్రీన్‌కార్డ్ ఆశ పణంగా పెట్టినట్టే. ఎఫ్1 విద్యార్థులకూ ఇంతే. గ్రీన్‌కార్డ్, పౌరసత్వం ఉన్నవాళ్ళకు ఈ బెడద లేదు. హెచ్4 మీద పని అనుమతి కార్డు ఉన్నవాళ్ళు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. ఎవరైనా సరే, దిగేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడగడం చవక.

పాడేవాళ్ళకంటే పోగొట్టుకునేవాళ్ళలో మనవాళ్ళు ఉండే వీలెక్కువ. ఉద్యోగం మారుతున్నా, చదువు ముగిసి ఊరు మారుతున్నా, ఇండియా వెళ్ళి వద్దామన్నా సామాను స్టోరేజ్‌లో పడేయడం అలవాటు. 2020లో కాన్సులేట్లు మూతపడి, జూన్‌లో హెచ్1బీ ప్రవేశాల మీద నిషేధం వచ్చి, రెండు వారాలకని హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చినవాళ్ళు నెలల తరబడి ఇక్కడే చిక్కుకున్నారు. అలాంటప్పుడు స్టోరేజ్ అద్దె కట్టే క్రెడిట్‌కార్డ్ గడువు తీరితే చాలు. నోటీసు ఒప్పందంలో రాసిన పాత అపార్ట్‌మెంట్ చిరునామాకు వెళ్తుంది. అమెరికా నంబరు ఆపేశాం కనుక ఫోన్ మోగదు. నాలుగో నెలలో షట్టర్ ముందు టార్చిలైట్లు వెలుగుతాయి.

ఆ గదిలో ఏముంటుంది? కోయంబత్తూరు నుంచి మోసుకెళ్ళిన తడిపిండి గ్రైండరు, అమ్మ ఇచ్చిన ఇత్తడి కుందులు, దేవుడి పటాలు, సూట్‌కేసు అడుగున మల్లుపంచెలో చుట్టిన పెళ్ళి పట్టుచీర. ఫొటోలో చూసే అమెరికన్ పాటదారుకు సూట్‌కేసు అంటే ‘బట్టలు, 5 డాలర్లు’. గ్రైండరు ఏమిటో అర్థమే కాదు. మనవాళ్ళెవరైనా పాడితే వాటి విలువ తెలుసుకుంటారు. ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి అదే మరి, పక్కవాడికి తెలియని వస్తువు మనకు తెలియడం. కెమెరాలు తెలిసినవాడికి కెమెరాల గది కలిసొస్తుంది, చీరలు తెలిసినవాళ్ళకు చీరల సూట్‌కేసు.

గది తీసుకున్నవాళ్ళు చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. ఒప్పందంలో రెండో మనిషి పేరు, ఫోన్ నంబరు రాయించాలి, అక్కడే ఉండే స్నేహితుడిది. ఈమెయిల్‌కు నోటీసులు వచ్చేలా చూసుకోవాలి. కార్డు గడువు ఏ నెలలో తీరుతుందో చూసి బయల్దేరాలి. నగలు, డబ్బు, డిగ్రీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు అక్కడ పెట్టనే కూడదు. లోపలి సామాను విలువ ఫలానా మొత్తం దాటకూడదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది, 5,000 డాలర్లన్నది తరచుగా కనిపించే అంకె. నోటీసు ఆలస్యంగా చూసుకున్నా ఆఫీసుకు ఫోన్ చేసి బాకీ కట్టేస్తే వేలం ఆగుతుంది. కంపెనీకి కావాల్సిందీ అదే.

ఇక్కడైతే?

మన పత్రికల్లో బంగారం తాకట్టు సంస్థల వేలం ప్రకటనలు పేజీలకు పేజీలు వస్తుంటాయి, రుణఖాతా నంబర్లతో సహా. అది తాకట్టు. గడువు తీరాక ముందస్తు నోటీసిచ్చి అమ్ముకునే హక్కు తాకట్టు పట్టినవాడికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. భద్రపరచమని అప్పగించిన సామాను సంగతి వేరు. బాకీపడ్డారని దాన్ని అమ్ముకునే హక్కును ఆ చట్టం ఇవ్వలేదు. బ్యాంకు లాకర్లకైతే 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి. వరసగా మూడేళ్ళు అద్దె కట్టకపోతే బ్యాంకు తగిన నోటీసిచ్చి, సాక్షుల ఎదుట లాకర్ తెరవొచ్చు. లోపలివన్నీ జాబితా రాసి, సీలువేసి భద్రపరచాలి. టార్చిలైటు వేసి గుంపుగా పాడుకోవడానికి అక్కడ తావులేదు.

ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లోనూ ఇంటి సామాను నెల అద్దెకు దాచిపెట్టే కంపెనీలు వచ్చాయి. అమెరికా రాష్ట్రాల్లో ఉన్నట్టు వీటికోసం ప్రత్యేకమైన స్టోరేజ్ చట్టం ఇక్కడ లేదు కనుక అన్నీ ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టే నడుస్తాయి. ఎన్ని నెలలు బాకీపడితే సామాను ఏం చేస్తారు, నోటీసు ఏ చిరునామాకు పంపుతారు, అమ్మితే మిగిలిన డబ్బు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ కాగితాల్లో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. లేకపోతే చేత్తో రాయించుకుని ఇరువైపులా సంతకాలు పెట్టించుకోవచ్చు.